మెత్తదనం కాదు, కొలత ముఖ్యం

ఇన్‌సోల్ (బూటు లోపల పాదం కింద వేసుకునే అట్ట) ఎంత మెత్తగా ఉంటే మడమకు అంత మంచిదని ఒక వ్యాసంలో రాశారు, ఆ మాటతో ఏకీభవించలేను. దీర్ఘకాలపు మడమ నొప్పికి ఎక్కువగా కారణం పాదం అడుగునుండే ప్లాంటార్ ఫేసియా పొర మీద పడే లాగుడు. మరీ మెత్తటి ఫోమ్ ఒంటి బరువుకు అణిగిపోతుంది, పాదం వంపుకు ఆసరా దొరకదు, లాగుడు అలాగే మిగులుతుంది. పాదం కొలతకు చేయించే ఇన్‌సోల్‌లలో సాధారణంగా 3-4 మి.మీ. పాలీప్రొపిలీన్ (గట్టి ప్లాస్టిక్) పలక, పైన ఈవీఏ అనే మెత్తటి ఫోమ్ పొర ఉంటాయి. మడమ కూర్చునే గుంట 14 మి.మీ. దాకా లోతుంటే మడమ కింది కొవ్వు పక్కలకు చెదరదు. పలక ముందు అంచు బొటనవేలి మొదటి కీలుకు వెనకే ఆగాలి, లేకపోతే అడుగు తీసేటప్పుడు ఒత్తుతుంది.

చాలావరకు తేడా వచ్చేది పాదం అచ్చు తీసే దగ్గరే. పూర్తి బరువుతో నిలబెట్టి తీస్తే అణిగిన వంపే అచ్చులో పడుతుంది. కూర్చోబెట్టి, మడమను నిటారుగా పట్టుకుని, ఫోమ్ పెట్టెలో పాదాన్ని నిపుణులే నొక్కాలి.

బూటులోని పాత ఇన్‌సోల్ తీసేశాకే కొత్తది పెట్టండి. లేదంటే మడమ పైకి లేచి జారుతుంది. మొదటిరోజు ఒక గంట, తర్వాత రోజుకో గంట పెంచండి. రెండు వారాలయ్యాక కూడా వంపు మధ్యలో గుచ్చుతుంటే ఓర్చుకోవద్దు, అరగదీయించండి.

అసలు ముందు గట్టి ఆసరా ఉన్న రెడీమేడ్‌ది వాడి చూడటమే నయం, చాలామందికి దాదాపు అంతే ఉపశమనం ఇస్తుంది. దానితోపాటు పొద్దున మంచం దిగకముందే కాలివేళ్లను మోకాలి వైపు వెనక్కి వంచి 10 సెకన్లు పట్టి ఉంచడం, 10 సార్లు. మడమను రెండు పక్కల నుంచి నొక్కితే నొప్పి పుడుతున్నా, తిమ్మిరి ఉన్నా ఇన్‌సోల్ పక్కనపెట్టి డాక్టరుకు చూపించండి, అది ఎముక పగులో నరం ఇబ్బందో కావచ్చు.