విశాఖ వంటింటి ఖర్చు: చిక్కంతా నెల సరుకుల లిస్టులోనే

ఉప్మారవ్వ ఐదు కిలోల సంచి కొంటే కిలోకి నాలుగైదు రూపాయలు కలిసొస్తాయి. జులైలో కొన్న ఆ సంచిని విశాఖలో మామూలు డబ్బాలో పోసి ఉంచండి. ఆగస్టు దాటేసరికి రవ్వ ఉండలు కడుతుంది, సాలెగూడులా అల్లుకుంటుంది, తెల్లపురుగు తేలుతుంది. కిలో 50 రూపాయల చొప్పున 250 పెట్టి కొన్న దాంట్లో రెండు కిలోలు పారబోస్తే, తిన్న మూడు కిలోలకీ కిలో 83 రూపాయలు పడినట్టు. పక్క కొట్లో అరకిలో ప్యాకెట్టు కొనుక్కున్నా ఇంత అయ్యేది కాదు. సరుకుల ఖర్చు అనగానే మనం కొట్లో ధర చూస్తాం. చూడాల్సింది కంచంలోకి వచ్చేసరికి ఎంత పడిందన్నది.

అన్ని సరుకులనూ నెలకోసారి, ఒకే లిస్టు రాసి, ఒకే చోట కొనే అలవాటు ఈ ఊరికి నప్పదు. జీతం నెలకోసారి వస్తుంది కాబట్టి ఆ అలవాటు వచ్చింది. కానీ పంట నెల చూసి రాదు, పురుగూ నెల చూసి పట్టదు. కొన్నిటిని ఏడాదికోసారి కొనాలి, కొన్నిటిని పదిహేను రోజులకు మించి కొనకూడదు. ఈ తేడా పాటించని ఇంట్లో ఎన్ని ఆఫర్లు వెతికినా డబ్బు మిగలదు.

అన్నిటికన్నా పెద్ద పద్దు బియ్యం. బస్తా మీద 26 కిలోలు అని ఎందుకుంటుందో చాలామంది పట్టించుకోరు. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీఎస్టీ ఉంది. 25 దాటితే లేదు. అందుకే మిల్లర్లు 26 కిలోల బస్తాలు పట్టారు. అదే రకం బియ్యం ఐదు కిలోల ప్యాకెట్లలో కొంటే పన్నుతో పాటు ప్యాకింగు ఖర్చు కూడా మీ నెత్తినే పడుతుంది. కొట్లో మీ ఎదుట తూచి ఇచ్చే విడి సరుక్కి ఈ పన్ను లేదు. నెలకో బస్తా తినే ఇల్లయితే బస్తాయే మేలు. అయితే ఇంట్లో ఒకటి, మహా అయితే రెండు. అంతకుమించి వద్దు.

బియ్యం ధర అడిగేటప్పుడు 'ఎన్నాళ్ల పాతవి' అని తప్పకుండా అడగాలి. ఖరీఫ్ కోతలు నవంబరు, డిసెంబరుల్లో అవుతాయి. సంక్రాంతి ముందు నుంచి కొత్త బియ్యం కొట్లలోకి వస్తాయి, ధరా కాస్త తక్కువే. కానీ కొత్త బియ్యం నీళ్లు తక్కువ పీల్చుకుంటాయి, ముద్దవుతాయి, ఒదగవు. ఆరునెలలు దాటిన పాతవైతే అదే గ్లాసుకు అన్నం ఎక్కువ అవుతుంది. కిలోకి రెండు రూపాయల తేడాకి ఆశపడి కొత్తవి కొన్న ఇంట్లో రోజూ అరగ్లాసు అదనంగా పోయాల్సి వస్తే చవక ఏముంది? తెలియని మిల్లు బస్తా అయితే ముందు రెండు కిలోలు విడిగా తెచ్చి వండి చూడాలి. ఇంకో మాట. అందరూ సాంబ మసూరి వైపే చూస్తారు గానీ, శ్రీకాకుళం జిల్లాలోని రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాలు, అంటే ఆర్‌జీఎల్ 2537, రోజువారీ అన్నానికి ఏమీ తీసిపోదు. బస్తా మీద బ్రాండు పేరుకి కాక లోపల ఉన్న రకానికి డబ్బివ్వాలి.

బియ్యంలో పురుగు బయటినుంచి వస్తుందనుకుంటారు. చాలాసార్లు అది బస్తాతోనే వస్తుంది. ముక్కుపురుగు గింజకు చిల్లుపెట్టి లోపల గుడ్డు పెడుతుంది, పైకి కనబడదు. గాలిలో తేమ ఎక్కువై గింజ మెత్తబడితే ఆ గుడ్డు పిల్లై పెరిగి నెలా నెలన్నరలో బయటపడుతుంది. సముద్రం పక్క ఊళ్లో ఏడాది పొడుగునా ఉండే సమస్య ఇది. కాబట్టి బస్తా తెరిచిన రోజే మూత బిగుతుగా పట్టే డ్రమ్ములో పోయాలి. అడుగున మిగిలిన పాత బియ్యం మీద కొత్తవి పోయకూడదు. ఎక్కువ ఇళ్లలో పురుగు ఆరకుండా తిరుగుతున్నది ఇందువల్లే. డ్రమ్ము కడిగి, ఎండలో పెట్టి, పూర్తిగా చల్లారాకే నింపాలి. వేడి డబ్బా మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది. బియ్యాన్ని మాత్రం మండుటెండలో పోయొద్దు. గింజ బీటలువారి నూకవుతుంది. పురుగు పడితే నీడలో పలచగా పరిచి చెరగడమే మార్గం. గోదాముల్లో వాడే మాత్రలు ఇంట్లో పెట్టేవాళ్లు ఉన్నారు. వాటినుంచి వచ్చే విషవాయువు మూసిన గదిలో ప్రాణం తీస్తుంది. ఎవరు సలహా ఇచ్చినా వాటిని గడప దాటనివ్వొద్దు.

రేషన్ బియ్యం సంగతి ఇక్కడే చెప్పాలి. కార్డు మీద వచ్చిన బియ్యాన్ని కారుచవకగా అమ్ముకుని, ఆ డబ్బుకి ఇంకొంత కలిపి సన్నబియ్యం కొనే ఇళ్లు మన ఊళ్లో తక్కువ లేవు. అలా అమ్మడం నేరం కూడా. ఇడ్లీ, దోసె, అట్టు, బియ్యప్పిండి, చక్రాలు, చలిమిడి దేనికైనా రేషన్ బియ్యం చక్కగా పనికొస్తాయి. టిఫిన్లకు నెలకు ఐదారు కిలోల బియ్యం వాడే ఇంట్లో ఆ మేరకు బస్తా ఎక్కువ రోజులు వస్తుంది. వాటిలో కాస్త రంగు తేడాగా కనబడే గింజల్ని ప్లాస్టిక్ బియ్యం అని ఏరిపారేస్తున్నారు. అవి బియ్యప్పిండికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపి గింజలా ఒత్తినవి. వంద గింజలకు ఒకటి చొప్పున కలిపినవి. వాటిని ఏరేస్తే పోయేది పోషకమే.

పప్పుల్లో ఒక తేడా గుర్తుపెట్టుకుంటే చాలు. పుచ్చుపురుగు గుండుగింజ మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది, బద్దల జోలికి అంతగా రాదు. అందుకే పెసలు, శనగలు, బొబ్బర్లు, ఉలవలు నెలకు సరిపడా మాత్రమే కొనాలి. కందిపప్పు, మినప్పప్పు రెండు మూడు నెలలకు కొన్నా భయం లేదు. కిలో కందిపప్పుకి ఒక చిన్న చెంచా ఆముదం పట్టించి, అరగంట ఆరనిచ్చి డబ్బాలో పోసే పాత పద్ధతికి నేటికీ తిరుగులేదు. వండేముందు రెండుసార్లు కడిగితే పోతుంది. మినప్పప్పు విషయంలో నిల్వకన్నా వయసు ముఖ్యం. పాతబడిన పప్పు రుబ్బితే పిండి ఒదగదు, పొంగదు. ఇడ్లీ గట్టిపడుతుందని ఇంకో గ్లాసు పప్పు వేస్తాం, ఖర్చు అక్కడ పెరుగుతుంది. రవ్వలూ పిండ్లూ అయితే పదిహేను రోజులకే కొనాలి. ఎక్కువ కొనక తప్పకపోతే ఉప్మారవ్వను దోరగా వేయించి, చల్లార్చి పెట్టాలి. లేదా ప్యాకెట్టుతో సహా నాలుగు రోజులు ఫ్రీజర్లో ఉంచి తీస్తే గుడ్లు చస్తాయి.

ఏడాదికోసారి కొనాల్సినవి నాలుగే: చింతపండు, ఎండుమిర్చి, పసుపు, బెల్లం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు ఇవన్నీ కొత్తవి దొరుకుతాయి. పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్ల దాకా పనిగట్టుకుని వెళ్లడానికి ఇదే అదను. మధురవాడ నుంచి వెళ్లిరావాలంటే దాదాపు 30 కిలోమీటర్లు. బండి మీద వెళ్లినా పెట్రోలుకే 70 రూపాయల దాకా అవుతుంది. రెండు వందల ఆదా కోసం నెలనెలా ఆ ప్రయాణం దండగ. ఏడాది సరుక్కి ఒక్కసారి వెళ్తే గిట్టుబాటు. చింతపండు గింజతో కొంటే బరువులో మూడో వంతు దాకా గింజే ఉంటుంది. ధర అడిగేటప్పుడు ఆ లెక్క వేసుకుని, గింజ తీసినదానితో పోల్చాలి. ఈనెలు, గింజలు తీసి, ఎండలో పెట్టి, ఉప్పు చల్లి జాడీలో గట్టిగా కూరితే రెండో వేసవి దాకా ఉంటుంది. నల్లబడినా పులుపు తగ్గదు. తీరిక లేనివాళ్లకి గిరిజన సహకార సంస్థ దుకాణాలున్నాయి. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే ఉంది. చింతపండు, పసుపు, తేనె, కుంకుడుకాయలు, శీకాయ అక్కడ దొరుకుతాయి. అనకాపల్లి బెల్లం కూత దూరంలో ఉండగా సూపర్ మార్కెట్లో అందమైన డబ్బాలో బెల్లం పొడి కొనడం ఎందుకో అర్థం కాదు. మరీ తెల్లగా మెరిసే దిమ్మకి రసాయనం పడి ఉంటుంది, ముదురు రంగుదే తీసుకోవాలి. వానాకాలంలో బెల్లం గాలిలో తేమ పీల్చి నీరుకారుతుంది కాబట్టి కిలో చొప్పున ముక్కలు చేసి, విడివిడి డబ్బాల్లో పెట్టి, ఒక్కోటే తెరవాలి.

నూనె దగ్గర లీటరు, కిలో ఒకటే అనుకుని మోసపోతున్నాం. లీటరు నూనె బరువు 910 గ్రాములే. 15 లీటర్ల డబ్బాలో ఉండేది 13.65 కిలోలు. 15 కిలోల డబ్బాలో ఉండేది దాదాపు 16.5 లీటర్లు. రెండు డబ్బాలూ పక్కపక్కన ఒకేలా కనబడతాయి. పౌచ్‌లు కూడా లీటరువే ఉండాలన్న నియమం ఇప్పుడు లేదు. 850 మిల్లీలీటర్లది 140 రూపాయలకి వస్తే లీటరు 165 పడినట్టు. పక్కన 158 రూపాయల లీటరు ప్యాకెట్టే చవక. డబ్బా కొంటే ఆదా నిజమే గానీ, నెలకు మూడు లీటర్లు వాడే ఇంట్లో తెరిచిన డబ్బా ఐదు నెలలు నిలవుంటే నూనె వాసన మారిపోతుంది. అపార్ట్‌మెంటులో మూడిళ్లవాళ్లు కలిసి కొని పంచుకోవడం మంచిది.

కూరగాయలకు రైతుబజార్లను మించినవి లేవు. 1999లో మొదలైన ఈ ఏర్పాటు విశాఖకు గట్టిగా అక్కరకొచ్చింది. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం, ఎక్కడైనా గేటు దగ్గర ఆ రోజు ధరల బోర్డు ఉంటుంది. ముందు అది చదివి లోపలికి వెళ్లాలి. వారానికి ఒకేసారి కొంటే వండే వరుస కూడా ముందే అనుకోవాలి. తొలి రెండు రోజులు ఆకుకూరలు, తర్వాత వంకాయ, బెండ, ఆఖర్న కంద, చేమ, గుమ్మడి. ఆ వరుస తప్పినప్పుడే ఫ్రిజ్ అడుగున తోటకూర కుళ్లుతుంది. ఉల్లి వేసవిలో వచ్చే రబీ పంటదైతే పది కిలోలు కొని గాలి తగిలేలా పరవొచ్చు. ఆగస్టు తర్వాత వచ్చే కర్నూలు ఉల్లిలో నీరెక్కువ, వారానికి మించి కొనొద్దు. కార్తీకంలో కూరగాయలు ప్రియమవుతాయి, కోడి ధర తగ్గుతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాను తగిలితే ఆకుకూరలు ముట్టుకోలేం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం వల్ల సముద్రపు చేప కొండెక్కుతుంది. ఆ రెండు నెలలూ గుడ్లూ చెరువు చేపలూ ఎండుచేపలతో సరిపెట్టుకోవడమే తెలివి.

సబ్బుల సంగతి క్లుప్తంగా. బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు, బట్టకి జిడ్డులా అంటుకుంటుంది. కుళాయి నీళ్లు వచ్చే వేళకి బట్టలు ఉతికితే పొడి తక్కువ పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒంటిసబ్బు బిళ్లల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ద్రవ సబ్బులకి ఆ తగ్గింపు లేదు. చేతులు కడుక్కోవడానికి సీసాలకన్నా బిళ్లే మేలు. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నచోట 'ఊరికే వస్తే నాకొకటి, మా అన్నకొకటి' అన్నట్టు ఎగబడకుండా గ్రాములు చూడండి.

ఆ గ్రాముల లెక్కకి చట్టం కూడా ఉంది. 2021లో సవరించిన ప్యాకేజీ నిబంధనల ప్రకారం ప్యాకెట్టు మీద యూనిట్ ధర వేయాలి. కిలో లోపువైతే గ్రాముకింత, కిలో దాటితే కిలోకింత అని వేస్తారు. దీన్ని పోల్చడానికి గ్రాము ధరని వెయ్యితో హెచ్చించాలి. 0.28 అంటే కిలో 280. కంటికి ఆనని అక్షరాల్లో, ప్యాకెట్టు మడతలో అచ్చువేసి ఊరుకుంటే నిబంధన పాటించినట్టు కాదు. సూపర్ మార్కెట్ల అరల మీద పెద్ద అక్షరాలతో, ప్రతి సరుక్కీ కిలో ధర తెలుగులో రాసి పెట్టేలా తూనికలు కొలతల శాఖ పట్టుబట్టాలి. ఎమ్మార్పీకి మించి అడిగినా, తూకం తగ్గినా బిల్లు దగ్గరుంచుకుని 1915కి ఫోన్ చేయొచ్చు. రైతుబజారులో అయితే సంచి పట్టుకుని, దాన్ని చూసుకునే ఎస్టేట్ అధికారి దగ్గరికి నేరుగా వెళ్లి మళ్లీ తూయించమనండి.