పాచికలను తిట్టే హక్కుకు ముప్పు

బ్యాక్‌గామన్ (ఇద్దరు రెండు పాచికలు వేస్తూ తమ కాయలన్నిటినీ ముందుగా పలక నుంచి బయటికి తీయడానికి పోటీపడే ఆట) కొత్తగా ఆడేవారికి పుట్టుకతో వచ్చిన హక్కు ఒకటుంది: ఓడిపోగానే పాచికలను తిట్టుకోవడం. ఈ హక్కుకు ఇప్పుడు పెద్ద ఆపద వచ్చిపడింది. ‘కాస్త లెక్క నేర్చుకోండి’ అంటూ కొందరు బయల్దేరారు. వాళ్ల పన్నాగం ఎలా సాగుతుందో ముందే తెలిస్తే తప్పించుకోవచ్చు.

ఎర చాలా అమాయకంగా ఉంటుంది. రెండు పాచికలు ఎన్ని రకాలుగా పడతాయని అడుగుతారు. వేళ్లు మడిచి 21 అంటాం. కంటికి కనిపించేవి అన్నే. అప్పుడు ఒక పాచికను ఎర్రది, ఇంకోదాన్ని తెల్లది అనుకోమంటారు. ఎర్రది ఆరు, తెల్లది ఐదు ఒక పందెం. అటుదిటైతే మరో పందెం. ఆరు-ఆరు లాంటి జంటలు మాత్రం ఒక్కలాగే పడతాయి. వెరసి 36. ‘నాకు జంటలే పడవు’ అన్న మన ప్రాచీన ఫిర్యాదుకు తొలి దెబ్బ ఇక్కడే తగులుతుంది. జంటలు ఎవరికైనా 36లో 6 మాత్రమే. (ఎదుటివాడికి అంతకంటే ఎక్కువే పడతాయన్నది వేరే సంగతి, దానికి రుజువు అక్కర్లేదు.)

తర్వాత ఆరు పడే పందేలెన్నో చెప్పమంటారు. ఎర్రదాని మీద 6, తెల్లదాని మీద 6, మొత్తం 12 అని ధీమాగా అంటాం. ఆరు-ఆరును రెండుసార్లు కలిపేశాం కాబట్టి జవాబు 11. ఏ అంకెకైనా ఇంతే. ఆ 11ను ఒకసారి బుర్రలోకి రానిచ్చామా, ఇక బయటికి పోదు.

ఎందుకంటే ఒంటరి కాయ దగ్గర అదే మళ్లీ ఎదురవుతుంది. గడిలో ఒంటిగా ఉన్న కాయ మీదికి ఎదుటివాడు వచ్చి వాలితే దానికి దెబ్బ తగిలినట్టే. మన కాయ ఎదుటివాడికి ఆరు గళ్ల దూరంలో ఒంటిగా ఉందనుకోండి. నేరుగా ఆరు పడే పందేలు 11. రెండు పాచికలూ కలిపి చేరేవి ఐదు-ఒకటి రెండు, నాలుగు-రెండు రెండు. జంట పడితే ఆ అంకెను నాలుగుసార్లు ఆడొచ్చు గనుక మూడు-మూడు, రెండు-రెండు చెరొకటి. మొత్తం 17. దాదాపు సగానికి సగం దెబ్బ తినే చోట కాయను వదిలేసి, తిన్నాక ‘చూశారా నా ఖర్మ’ అనడంలో ఎంత హాయి! దూరం ఐదైనా నాలుగైనా 15, మూడైతే 14, రెండైతే 12, ఒకటైతే 11. ఏడు గళ్లకు వెళ్లామా, ఒక్కసారిగా 6కు పడిపోతుంది. ఒకే పాచికతో కొట్టడం కుదరదు కదా. పదకొండు గళ్లకు 2 పందేలే. పన్నెండుకు మళ్లీ 3, మూడు-మూడు, నాలుగు-నాలుగు కూడా అక్కడికి చేరతాయి గనుక. కాబట్టి లెక్కగాళ్లు కాయను వదలక తప్పకపోతే ఆరు గళ్లు దాటించి వదులుతారు, లేదా శత్రువు ముక్కు కిందే పెడతారు. మనం మాత్రం ‘కాస్త దూరంగా ఉంటే మంచిది’ అని ఆరో గడిలోనే పెడదాం. చూడ్డానికి సురక్షితంగా ఉంటుంది.

దారిలో అడ్డుంటే ఈ 17 తగ్గుతుంది కూడా. సరిగ్గా మూడో గడిలో మన కాయలు రెండున్నాయంటే మూడు-మూడుకు దారి మూసుకుపోయి 16 అవుతుంది. ఐదు-ఒకటి ఆగాలంటే మాత్రం ఐదో గడి, ఒకటో గడి రెండూ మూయాలి. ఒకటి మూసి నిశ్చింతగా కూర్చునేవారే మన అసలైన సోదరులు.

బార్ (దెబ్బతిన్న కాయను పెట్టే పలక మధ్య పట్టీ) మీద చిక్కిన కాయ సంగతి ఇంకా దారుణం. అది తిరిగి రావాల్సిన ఎదుటివాడి ఆరు గళ్లలో అతను రెండేసి కాయలతో మూసినవెన్నో చూసి, ఆ అంకెను దానితోనే గుణిస్తే లోపలికి రాని పందేలు తేలతాయి. మూడు మూస్తే 9, నాలుగు మూస్తే 16, ఐదు మూస్తే 25. ఇంతే. పసిపిల్లలకొచ్చే ఎక్కాలతో మన విషాదాన్ని తేల్చి పారేశారు. మూడే మూసి ఉండగా వరుసగా రెండుసార్లు రాలేకపోవడం పదహారింట ఒకసారి జరిగేదే అంటారు. సానుభూతి చూపడానికి ఒక్కడూ మిగలడు. నాలుగుసార్లు ఆరు పడలేదు గనుక ఐదోసారి తప్పక పడాలన్న మన న్యాయశాస్త్రం కూడా చెల్లదట. పాచికకు జ్ఞాపకం లేదు, మళ్లీ అదే 11.

ఋతుపర్ణుడు పాచికల మర్మవిద్య అయిన అక్షహృదయం నేర్పగానే నలుడి ఒంట్లోంచి కలి దిగిపోయాడని చదువుకున్నాం. అందరూ సంబరపడ్డారు గానీ, ఆ తర్వాత ఓడితే నింద వేయడానికి నలుడికి కలి కూడా మిగలలేదన్న సంగతి ఎవరూ ఆలోచించలేదు.

అన్నిటికంటే ప్రమాదం చివరి కాయలను పలక నుంచి బయటికి తీసేటప్పుడు. మూడో గడిలో ఒకటి, రెండో గడిలో ఒకటి మిగిలాయి. ఇంకా ఒక్క ‘ఒకటి’ ఆడాలి. మూడును రెండుకు దించితే రెండు కాయలూ ఒకదానిమీద ఒకటి ముచ్చటగా కూర్చుంటాయి. రెండును ఒకటికి దించితే మూడు, ఒకటి అని చెల్లాచెదురుగా ఉంటాయి. మిగిలిన దూరం రెండింటిలోనూ నాలుగే. ముచ్చటపడ్డవాడు వచ్చే పందెంతో గెలిచేది 36లో 26: ఒకటి-ఒకటి తప్ప, ఒకటి ఉన్న ప్రతి పందెమూ ముంచుతుంది. చెదరగొట్టినవాడు 34 గెలుస్తాడు. రెండు-ఒకటి పడితేనే ఓటమి. ఎదుటివాడికి ఇంకొక్క పందెంతో ఆట ముగుస్తుందనుకోండి, డబ్లింగ్ క్యూబ్ (ఆట విలువను రెట్టింపు చేద్దామని సవాలు విసిరే ఘనం) తీసినా ఇదే తేడా. ఒప్పుకోనివాడు ఆట అక్కడికక్కడే వదులుకున్నట్టు. క్యూబ్ ఒప్పుకోవాలంటే నాలుగింట ఒక వంతు, అంటే 9 పందేలు చేతిలో ఉండాలి. పేర్చినవాడి ఎదుట 10 ఉన్నాయి గనుక ఒప్పుకుంటారు. చెదరగొట్టినవాడి ఎదుట 2 చూసి పలకా పెట్టె సర్దేస్తారు.

కాబట్టి తిట్ల విషయంలో ఒక కొత్త నిబంధన ఉండాలి. 34 చేతిలో పెట్టుకుని రెండు-ఒకటి వేసినవాడు పక్కగదిలోకి వినబడేలా తిట్టుకోవచ్చు. 26తో ఓడినవాడు గొణుక్కుంటే చాలు. ఆరో గడిలో కాయను వదిలి దెబ్బతిన్నవాడు పాచికలను మెల్లగా డబ్బాలో వేసి, ఎదుటివాడికి అందించాలి.