పైన ఏమీ లేని 'పైవన్నీ'

భారతీయ విద్యారంగం ఇన్నాళ్లూ వెతుకుతున్న పరమసత్యం దొరికింది. అది 'పైవన్నీ'. టీచర్ల ఆన్‌లైన్ శిక్షణ చివర పెట్టే పరీక్షలో ఏ ప్రశ్నకైనా అదే జవాబు. భాషా వికాసానికి తోడ్పడేది ఏది? కథలు, పాటలు, సంభాషణ, పైవన్నీ. మంచి ఉపాధ్యాయుడి లక్షణం ఏది? సహనం, సృజన, సమయపాలన, పైవన్నీ. కావాలని తప్పు రాద్దామన్నా కుదరదు, అంత పకడ్బందీ పరీక్ష.

ఒక్కటే చిక్కు. ఒకరి జవాబులు ఒకరు చూసి రాయకుండా ఆప్షన్ల వరుస మార్చేస్తారు. మార్చే యంత్రానికి తెలుగు రాదు, పాపం. దాంతో ఒక్కోసారి 'పైవన్నీ' ఎగిరి మొదటి గడిలో కూర్చుంటుంది. దాని పైన ప్రశ్న తప్ప మరేమీ ఉండదు. అసలు జవాబులు మూడూ కింద చేతులు కట్టుకుని నిలబడతాయి.

ఇప్పుడు సకినేటిపల్లి రేవులో సాయంత్రం ఏరు దాటించే పంటు పడవ ఎక్కిన మాస్టారిని చూడండి. బడి ఈ ఒడ్డున, ఇల్లు ఆ ఒడ్డున నరసాపురంలో. ముందు బైకులు, వెనక కొబ్బరికాయల బస్తాలు, మధ్యలో ఆయన. చేతిలో ఫోను, నాలిక మీద గ్రూపులో వచ్చిన 'కీ': ఒకటి డి, రెండు డి, మూడు డి. మూడు నొక్కేసరికి మార్కులు సున్నా. నూటికి 70 వస్తేనే సర్టిఫికెట్, అవకాశాలు మూడే. రెండో అవకాశంలో బుద్ధిగా ప్రశ్న చదవబోయారు. పంటు నడి గోదారికి చేరింది, సిగ్నల్ పోయింది. తెర మీద గుండ్రం తిరుగుతోంది, పంటూ తిరుగుతోంది. 'ఏవండీ మాస్టారూ, ఓటీపీ రాలేదాండీ?' అని పక్కాయన పరామర్శ. అవతలి రేవు తగిలేసరికి రెండో అవకాశం కూడా గోదారి పాలు. ఇక మూడోదానికి ఇంట్లో పదో తరగతి చదివే అమ్మాయి ఉంది. ఆ పిల్ల ఇప్పటికే మూడు కోర్సులు పాసైంది. బాల్య విద్యలో అంత నిపుణురాలు మండలంలో లేదు.

వీడియోల సంగతి సరే. మధ్యాహ్న భోజనం వడ్డించేవేళ బియ్యం బస్తాకి ఆనించి, సౌండు తీసేస్తే అవే చూసుకుంటాయి. పీడీఎఫ్ అయితే వేలితో ఆఖరి పేజీ దాకా తోయాలి, తోయకపోతే చదవనట్టే లెక్క. నెట్ లేనప్పుడు చూసింది ఫోన్లోనే ఉండిపోతుంది. సిగ్నల్ ఉన్నచోట కోర్సు తెరిచి, పైనున్న మూడు చుక్కలు నొక్కి, సింక్ కొడితేనే పైకి వెళుతుంది. ఇది తెలియక 97 శాతం దగ్గర ఆగి గడువు దాటించుకున్నవాళ్లు, చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుకి ఇద్దరైనా ఉంటారు. ఇంతా చేసి సర్టిఫికెట్ వచ్చాక చూస్తే, ప్రొఫైల్లో ఏనాడో తొందరలో కొట్టిన ఇంటిపేరు ముక్కే ఉంటుంది, పేరుండదు.

2020 జాతీయ విద్యా విధానం టీచరుకి ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంది, అదీ వాళ్ల వాళ్ల ఆసక్తిని బట్టి. మంచిమాట. 2019లో ఎదురెదురుగా మొదలైన 'నిష్ఠ' అనే కేంద్ర ప్రభుత్వ టీచర్ల శిక్షణ, కరోనా వచ్చి 2020 అక్టోబరులో 'దీక్ష' అనే సర్కారు ఆన్‌లైన్ వేదికలోకి ఎక్కింది. అప్పుడు తప్పలేదు, ఎవరూ కాదనరు. కరోనా పోయింది, గుండ్రం మాత్రం తిరుగుతూనే ఉంది. ఆసక్తి సంగతంటారా, 'రేపు సాయంత్రం ఐదులోగా పూర్తి చేయనివారి పేర్లు పైకి పంపబడును' అన్న మెసేజ్ రాగానే అది దానంతటదే పుడుతుంది.

ఇక నవ్వు చాలు. మూడో తరగతిలో ఒక పిల్ల 52లోంచి 27 తీసేసి 35 అని రాస్తుంది. పొరపాటున కాదు, రోజూ రాస్తుంది. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీస్తుంది. ఆ పిల్ల దృష్టిలో అది న్యాయమే. దీనికి మందు లంక గ్రామాల్లో ప్రతి పెరట్లో పడుంది: కొబ్బరి ఈనెలు. జానెడు ముక్కలుగా విరిచి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేస్తే ఐదు కట్టలు, విడిగా రెండు. ఏడు కావాలంటే ఒక కట్ట విప్పక తప్పదు. విప్పితే విడివి పన్నెండు. ఏడు తీస్తే ఐదు. మిగిలిన నాలుగు కట్టల్లో రెండు తీస్తే రెండు. 25. కట్ట ఎవరు విప్పాలన్నదే అసలు కిటుకు. టీచరు విప్పితే పిల్ల చూస్తుంది, మళ్లీ 35 రాస్తుంది. పిల్ల చేతే విప్పించాలి, విప్పిన వెంటనే పలక మీద ఐదు కొట్టించి నాలుగు వేయించాలి.

ఈ మాట టీచరుకి చెప్పాలంటే ఎవరో ఒకరు ఆ తరగతిలో గంటసేపు వెనక బల్ల మీద కూర్చోవాలి. ఐదు తరగతులు ఒక్క గదిలో పెట్టుకుని లాక్కొస్తున్న మనిషి దగ్గరికి ఏడాదికి ఒక్కసారైనా రారేం? వరద తీశాక పడవెక్కి రారేం? వచ్చినవాళ్లు కూడా కోర్సు నూరు శాతం అయిందా అని చూస్తారు తప్ప, ఆ పలక వైపు చూడరేం? పిల్ల నోరు తెరిచి అడగలేదు కనుకనా?

చివరి మాడ్యూల్లో ఈ విషయం మీదా ప్రశ్న ఉంది లెండి. తీసివేత బోధనకు ఉపయోగపడేవి: పుల్లలు, గింజలు, పూసలు, పైవన్నీ. మాస్టారి కూతురు సరిగ్గానే నొక్కింది.