సవరణ: ల్యాండ్ రోవర్ పుట్టింది సైన్యం కోసం కాదు

పాత ల్యాండ్ రోవర్ గురించి రాసిన పోస్టులో, దాన్ని బ్రిటిష్ సైన్యం కోసమే తయారు చేశారని చెప్పాను. అది తప్పు, సరిచూసుకోకుండా రాశాను. కంపెనీ చరిత్ర చూస్తే అది పొలం పనుల కోసం పుట్టిన బండి.

దాన్ని తయారు చేసిన బ్రిటిష్ కార్ల కంపెనీ రోవర్‌లో చీఫ్ ఇంజినీరు మారిస్ విల్క్స్‌కు వేల్స్‌లోని ఆంగ్లసీ దీవిలో భూమి ఉండేది. అక్కడ పనులకు, యుద్ధంలో మిగిలిపోయిన విల్లీస్ జీపు వాడేవాడు. అది పాడైతే దాని బదులు ఏం కొనాలన్న ప్రశ్నే కొత్త బండికి దారితీసింది. 1947 నాటి తొలి నమూనాను జీపు చాసిస్ (బండి కింది చట్రం) మీదే కట్టారు. స్టీరింగు ట్రాక్టరుకు ఉన్నట్టు మధ్యలో ఉండేది! 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో అసలు బండిని చూపించారు. దాని ఇంజనుతో పొలం యంత్రాలనూ తిప్పుకోవచ్చు. సైన్యం కొనడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

ఇంకొకటి. "అల్యూమినియం బాడీ" అని నేను రాస్తే "తుప్పే పట్టదన్నమాట" అని కొందరు అనుకున్నారు. యుద్ధం తర్వాత ఉక్కు కొరత వల్ల బాడీ రేకులకు అల్యూమినియం మిశ్రమలోహం వాడారు, అంతే. చాసిస్ ఉక్కుదే, ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య గోడ కూడా ఉక్కుదే. రెండూ శుభ్రంగా తుప్పు పడతాయి. కొనేవాళ్లు పైన సొట్టలు లెక్కపెట్టడం మాని (నాకైతే అవే దాని అందం) కిందికి దూరి చాసిస్ చూసుకోవాలి.

ఈ బండి తర్వాతి మోడళ్లకు పెట్టిన డిఫెండర్ అనే పేరు కూడా 1990లో వచ్చిందే. 1948 బండికి అది వర్తించదు.