ఆ ఒక్కటీ ఎక్కడ పోయింది?

తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంట ఇటీవల తలెత్తిన సంక్షోభం ల్యాప్‌టాప్ బ్యాటరీ గురించినదని ఇరుగుపొరుగువారు భావిస్తున్నారు. నిజానికి అది మార్కుల వ్యవహారం. గంటన్నరకే చార్జర్ కోసం అలమటిస్తున్న యంత్రాన్ని చక్కదిద్దుదామని నేను విండోస్ పవర్ ఆప్షన్లలోకి వెళ్లి, ప్రాసెసర్ గరిష్ఠ స్థాయి అన్న చోట 100 తీసేసి 99 వేశాను. విశ్రాంత లెక్కల ఉపాధ్యాయులైన మా మామగారు కళ్లద్దాలు సవరించుకుని చూసి, ఉద్యోగకాలమంతా పిల్లలను అడిగిన ప్రశ్ననే నన్నూ అడిగారు: "ఆ ఒక్కటీ ఎక్కడ పోయింది నాయనా?"

ప్రశ్న న్యాయమైనదే. చాలా ల్యాప్‌టాప్‌లలో 100 నుంచి 99కి దిగితే పోయేది ఒక శాతం కాదు, టర్బో అనే వైభవం మొత్తం. 2008లో నెహాలెమ్ ప్రాసెసర్లతో ఇంటెల్ తెచ్చిన ఈ ఏర్పాటు, వేడికీ విద్యుత్తుకూ వెసులుబాటు ఉన్నంతసేపు చిప్‌ను దాని మూల వేగానికి మించి పరుగెత్తిస్తుంది. మా యంత్రం మూల వేగం 2.4 గిగాహెర్ట్జ్, టర్బో పూనితే 4.2. ఒక్క మార్కు తగ్గితే మర్యాదంతా పోయే ఆచారం మన ఇళ్లకే పరిమితమనుకున్నాను గాని, సిలికాన్ కూడా అదే కులాచారం పాటిస్తుందని అప్పుడే తెలిసింది.

ఆ వేగానికి అయ్యే ఖర్చును మామగారికి ఆయన భాషలోనే విన్నవించాను. చిప్ మింగే విద్యుత్తు వేగాన్ని బట్టీ, వోల్టేజీ వర్గాన్ని బట్టీ పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజీనీ పెంచక తప్పదు. వేగం 20 శాతం, వోల్టేజీ 10 శాతం పెరిగాయనుకుంటే 1.2ను 1.1 వర్గమైన 1.21తో గుణించాలి, అంటే ఖర్చు 45 శాతం హెచ్చు. ఆయన కాగితం మీద వేసి చూసి, లెక్క సరిపోయిందన్నారు. 99 వేయడం మాత్రం సరికాదన్నారు. "అరవై వేలు పోసి కొన్నది వెనకబెంచీలో కూర్చోబెట్టడానికా?"

ఇంతకూ ఆయన యంత్రాన్ని వాడేది పరుపు మీద, అదీ ఈ ఊరి మే నెలలో. గాలి రంధ్రాలు మూసుకుపోయి 100 డిగ్రీల దరికి చేరిన చిప్, ప్రాణభయంతో తన వేగాన్ని తానే కోసుకుంటుంది. ఘాట్ రోడ్డు మొదటి మలుపులోనే యాక్సిలరేటర్ అదిమి, కాసేపటికి రేడియేటర్ పొగలు కక్కుతూ పక్కకు ఆగిన కారును చూసి నవ్వుకునే మనం, అదే పనిని ఒళ్లో పెట్టుకుని చేస్తాం.

ఎదురింటి పెద్దమనిషిది వేరే శాఖ. పొదుపు పేరిట ఆయన గరిష్ఠాన్ని 30కి కుదించారు. అయిదు సెకన్లలో పని ముగించి నిద్రపోవలసిన ప్రాసెసర్ అర నిమిషం దేకుతుంటే, అంతసేపూ తెర పూర్తి వెలుగుతో బ్యాటరీని తాగుతూనే ఉంటుంది. తెర వెలుగు కాస్త తగ్గించండి అంటే కళ్లు పోతాయంటారు.

నేను చేసిన రాజీ ఇది: బ్యాటరీ మీద 99, చార్జర్ తగిలిస్తే 100. విండోస్ రెండింటికీ వేర్వేరు గడులిచ్చింది. ఇంట్లో పరీక్షకొక మార్కు, బయటి పరీక్షకొక మార్కా అని గొణిగినా, మామగారు ఒక షరతు మీద సమ్మతించారు: మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు విడుదలయ్యే ఉదయం మాత్రం అన్ని గడులలోనూ నూరే ఉండాలి.

ఆ ఉదయం వచ్చింది. చెన్నై బంధువుల ఆధార్ నంబర్లు సిద్ధం. కరెంటు మాత్రం లేదు. ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను హోరెత్తింది, మామగారు నిటారుగా కూర్చున్నారు, తెర మీద మాత్రం వరుసలో వేచి ఉండమన్న సందేశం కదలలేదు. వరుసను నడిపేది ఎక్కడో ఉన్న సర్వరే గాని మా ఒళ్లో కాగుతున్న చిప్ కాదు. ఇంతలో బ్యాటరీ 20కి పడింది. బ్యాటరీ సేవర్ తనంతట తానే మేల్కొని తెరను మసకబరిచింది.

"పాసు మార్కు ముప్పై అయిదు కదా," అన్నారు మామగారు నిర్ఘాంతపోయి, "ఇరవై దాకా ఏం చేస్తున్నట్టు ఇది?"

అప్పటినుంచి మా ఇంట 35 కనబడగానే ఎవరో ఒకరు చార్జర్ పట్టుకుని పరుగెత్తుతున్నారు.