గన్‌ఫౌండ్రీలో బాంబు

ఆధార్ లింకు పని మీద పొద్దున గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసుకు వెళ్ళాను. అంతకుముందే ట్రూప్ బజార్‌లో మిక్సీ మోటారుకు వైండింగ్ చేయించి, పాత పేపర్లో చుట్టి సంచిలో వేసుకున్నా. గేటు దగ్గర మా ఆవిడ ఫోను. సంక్రాంతికి రావడం లేదని వాళ్ళమ్మకు ఎవరు చెప్పాలన్నది వారంగా మా ఇంటి పంచాయితీ. విసుగొచ్చి "సరేలే, సాయంత్రం నేనే బాంబు పేలుస్తా" అన్నాను. కాస్త గట్టిగానే.

సెక్యూరిటీ ఆయన అప్పటిదాకా సెల్లులో క్రికెట్ చూస్తున్నాడు. సంచులు వెతకాలని ఆయనకు నెలకోసారి గుర్తొస్తుందేమో, ఆ రోజు ఇవాళే అయింది. టేబుల్ మీద పెట్టించి పేపరు విప్పాడు. గుండ్రటి ఇనప ముద్ద, రాగి తీగ చుట్లు, బయటికి వేలాడుతూ రెండు వైర్లు. అందులో ఒకటి ఎర్రది. నిజం చెప్పొద్దూ, నాకే భయమేసింది.

"గిదేంది సార్?"

"మిక్సీ."

"మరి జార్ ఏది?"

జార్ ఇంట్లో ఉంది, సగం నలిగిన అల్లంతో సహా.

"బాంబంటే బాంబు కాదండీ, కబురు. టీవీలో రోజూ నాయకులు పేలుస్తుంటారే, అది. ఇంగ్లిషులో బాంబ్‌షెల్ అంటారు. ఒకప్పుడు అది నిజంగానే మందు కూరిన ఫిరంగి గుండు..."

ఫిరంగి అనగానే ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. 1795లో ఫ్రెంచి దొర రేమండ్ నిజాం కోసం ఫిరంగులు పోత పోయించిన పేట ఇది. గన్‌ఫౌండ్రీ అన్న పేరే అట్లా వచ్చింది. అడ్రసులోనే ఫిరంగుల కార్ఖానా పెట్టుకుని నా మిక్సీకి వణకడమేమిటి! మా అమ్మమ్మలాగా 'పిడుగులాంటి కబురు' అని ఉంటే సరిపోయేది. పిడుగును ఏ గేటు దగ్గరా ఆపరు.

సూపర్‌వైజరు రిజిస్టరు తెచ్చాడు. 'వివరాలు' అన్న గడిలో తన చేత్తోనే రాసుకున్నాడు: "బాంబు, అత్తగారికి." కింద నా సంతకం.

లిఫ్టు దాకా సెక్యూరిటీ ఆయన వెంటొచ్చాడు. "ఇంతకీ ఆ కబురేంది సార్?"

చెప్పాను.

"గంతేనా? నేను మూడు సంక్రాంతుల సంది ఊరికే పోలే."

మోటారు ఇంకా వాళ్ళ టేబుల్ కిందే ఉంది. అయిదింటిలోగా తీసుకెళ్ళకపోతే తమకు సంబంధం లేదట.