పాత బోటుకు ముందుగా మార్చవలసింది వైపరే

సియాటిల్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగు మిత్రులలో చిన్న పాత మోటారు బోటు కొనుక్కున్నవారు, కొనాలనుకుంటున్నవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: కొన్న తరువాత మొదటి డబ్బు దేనిమీద పెట్టాలి? ఇంజను, అడుగున చేరిన నీటిని తోడే పంపు, లైఫ్ జాకెట్లు, దీపాలు సరిగా ఉన్నాయనుకుంటే, ఆ తరువాతి ఖర్చు ముందు అద్దంమీది వైపర్‌కు పెట్టండని నేను చెబుతాను. చాలామంది నా మాటను పట్టించుకోకుండా పెద్ద తెర ఉన్న చార్ట్‌ప్లాటర్ (సముద్రపు పటంమీద బోటు ఎక్కడుందో చూపించే పరికరం) కొనుక్కుంటారు. రెండు వేల డాలర్ల తెర ముందు కూర్చుని, ఎదురుగా ఉన్న అద్దంలోంచి ఏమీ కనిపించక, పక్క కిటికీలోంచి తల బయటికి పెట్టి బోటు నడుపుతున్నవారిని చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఆ బాధతోనే ఈ పోస్టు రాస్తున్నాను.

సియాటిల్‌ను ఆనుకుని ఉన్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లో కురిసేది మన కోస్తా తుపాను వాన వంటిది కాదు. అక్టోబరులో మొదలై వసంతం దాకా సాగే ముసురు అది. చినుకు చిన్నది, అద్దానికి అంటుకుని జారదు. కారులో అరవై మైళ్ల వేగంతో వెళ్తున్నప్పుడు ఎదురుగాలే సగం నీటిని తోసేస్తుంది కాని, ఎనిమిది పది నాట్ల (నాట్ అంటే గంటకు మైలు కంటే కాస్త ఎక్కువ) వేగంతో వెళ్లే బోటుకు ఆ సాయం దొరకదు. దానికి తోడు, చిన్న అలను ఢీకొన్న ప్రతిసారీ బోటు ముక్కు దగ్గర లేచిన ఉప్పునీటి తుంపర వచ్చి అద్దంమీద పడుతుంది. అది ఆరితే తెల్లని పొర మిగులుతుంది. సాయంత్రం సూర్యుడు ఒలింపిక్ కొండల వెనక్కి దిగుతున్నప్పుడు ఆ పొరమీద వెలుగు పడితే, అద్దం మొత్తం పాలరంగులోకి మారి, ఎదుట నీరు తప్ప ఏముందో చెప్పలేని పరిస్థితి వస్తుంది.

ఆ నీటిలో ఉండేవి చిన్నవి కావు. ఏళ్ల తరబడి కలప రవాణా జరిగిన ఈ నీళ్లలో, వానలకు నదులు పొంగినప్పుడల్లా దుంగలు కొట్టుకొస్తాయి. వాటిలో కొన్ని నీటిని పీల్చుకుని నిలువుగా మునిగి, తల మాత్రమే అలల మధ్య పైకీ కిందికీ కదిలిస్తూ ఉంటాయి. పెద్ద ఓడను చూపించే రాడార్ నీటిమట్టానికి సమానంగా తేలే దుంగను చూపిస్తుందని నమ్మడానికి లేదు. దాన్ని పట్టుకోగలిగింది కన్ను మాత్రమే. పీతల వేట సాగే రోజుల్లో పీతల బోనులకు తాడుతో కట్టిన, సగం ఎరుపు, సగం తెలుపు ఉండే తేలుడు బుడ్డీలు నీళ్లనిండా ఉంటాయి. వాటి తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే ఇంజను ఆగిపోతుంది, అదీ పెద్ద ఫెర్రీలు, కంటైనర్ ఓడలు తిరిగే దారిలో.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 1972 నాటి అంతర్జాతీయ నౌకా ప్రమాద నివారణ నిబంధనలలో అయిదవది, ప్రతి నౌకా ఎల్లప్పుడూ చూపుతోను, వినికిడితోను, అందుబాటులో ఉన్న ఇతర సాధనాలన్నిటితోను సరైన నిఘా ఉంచాలని ఆదేశిస్తుంది. ఆరవ నిబంధన సురక్షితమైన వేగాన్ని నిర్ణయించేటప్పుడు లెక్కలోకి తీసుకోవలసిన అంశాలలో అన్నిటికంటే ముందు దృశ్యమానతనే పేర్కొంటుంది. ఇవి ఓడలకే కాక, మన ఇరవై రెండు అడుగుల బోటుకూ వర్తిస్తాయి. 2025 నుంచి వాషింగ్టన్ రాష్ట్రంలో, ఇక్కడ ఉండే సదరన్ రెసిడెంట్ ఓర్కా తిమింగలాలకు కనీసం వెయ్యి గజాల దూరంలో ఉండాలన్న నియమం కూడా వచ్చింది. తడిసిన అద్దంలోంచి వెయ్యి గజాల దూరాన నల్లని రెక్క ఎలా కనిపిస్తుందో ఆలోచించండి. ఇంత ఉన్నా, సొంత విహారానికి వాడే బోట్లలో తప్పనిసరిగా ఉండవలసిన సామగ్రి అంటూ కోస్ట్ గార్డ్ ఇచ్చే జాబితాలో వైపర్ లేదు. జాబితాలో లేనిదాన్ని కొనేవాడు అడగడు, అమ్మేవాడు బాగుచేయించడు. అందుకే 1980లలో తయారైన బోట్లలో ఆనాడు బిగించిన బలహీనమైన మోటారే ఇప్పటికీ వేలాడుతూ కనిపిస్తుంది.

ఇక మార్చడం గురించి చెబుతాను. బ్లేడు ఒక్కటే మార్చి వైపర్ బాగుచేశామనుకోవడం సరైనది కాదు. ఎండకు రబ్బరు గట్టిపడుతుంది కనుక బ్లేడును ఎలాగూ ఏటా మార్చవలసిందే. అసలు చూడవలసింది, ఆ బ్లేడు అద్దంలో ఎంత భాగాన్ని తుడుస్తోంది అన్నది. పాత మోటార్లలో చాలావాటికి ఊపు కోణం 80 డిగ్రీలే ఉంటుంది. అదే చేయి (బ్లేడును పట్టుకునే కడ్డీ), అదే బ్లేడు ఉంచి, 110 డిగ్రీలు ఊగే మోటారు పెడితే తుడిచే విస్తీర్ణం మూడో వంతుకు మించి పెరుగుతుంది. బ్లేడు పైకొన షాఫ్ట్ (మోటారు నుంచి బయటికి వచ్చి చేయిని తిప్పే ఇరుసు) నుంచి పదహారున్నర అంగుళాల దూరంలో ఉందనుకుంటే, తుడిచిన భాగం పైన వెడల్పు సుమారు 21 అంగుళాల నుంచి 27 అంగుళాలకు వస్తుంది. ఆ ఆరు అంగుళాలు నిలబడి నడిపేటప్పుడు కుడి ఎడమలకు కలిసివచ్చే చూపు. అద్దం నిటారుగా, పొడవుగా ఉంటే రెండు సమాంతర కడ్డీల చేయి ఇంకా మేలు. అది బ్లేడును నిలువుగానే ఉంచి జరుపుతుంది కనుక మూలలు ఎక్కువగా శుభ్రమవుతాయి. అయితే కొత్త కోణానికి అద్దం ఫ్రేము అడ్డం రాకుండా ఉంటుందో లేదో ముందే అట్టముక్క కత్తిరించి, అద్దంమీద తిప్పి చూసుకోవాలి.

రెండోది, వైపర్ ఆపినప్పుడు ఎక్కడ ఆగుతుంది అన్నది. రెండు వైర్ల పాత మోటారు స్విచ్ తీసిన చోటే ఆగిపోతుంది. అది చాలాసార్లు నడిపేవారి కళ్లకు సరిగ్గా ఎదురుగానే ఉంటుంది. తనంతట తానే పక్కకు వెళ్లి ఆగే మోటారులో, స్విచ్ ఆపిన తరువాత కూడా బ్లేడు అంచుకు చేరేదాకా కరెంటు అందించే చిన్న ఏర్పాటు లోపలే ఉంటుంది. దానికి ఎప్పుడూ కరెంటు ఉండే వైరు ఒకటి అదనంగా కావాలి, స్విచ్ కూడా అందుకు తగినదే ఉండాలి. కొత్త మోటారు కొని పాత ఆన్-ఆఫ్ స్విచ్‌కే తగిలిస్తే ఆ సౌకర్యం పనిచేయదు, మోటారుదే లోపమని తిట్టుకోవడం మిగులుతుంది.

వైపర్ నత్తలా కదులుతుంటే వెంటనే మోటారు పారేయమని సలహా ఇచ్చేవాళ్లతో నాకు గట్టి పేచీ ఉంది. ముందు వోల్ట్‌మీటరు తీసుకుని, తడి అద్దంమీద వైపర్ నడుస్తుండగా మోటారు దగ్గర వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గర పన్నెండున్నర ఉండి మోటారు దగ్గర పదిన్నరే ఉంటే, జబ్బు కరెంటు వచ్చే దారిలో ఉన్నట్టు. ముప్పై ఏళ్లు ఉప్పుగాలి తిన్న కనెక్షన్లలో అర ఓమ్ నిరోధం పేరుకోవడం ఏమంత కష్టం కాదు. మూడు ఆంపియర్లు లాగే మోటారుకు ఆ అర ఓమే ఒకటిన్నర వోల్టులను మింగేస్తుంది. అలాంటి దారిలో ఎంత ఖరీదైన మోటారు పెట్టినా అది కూడా నీరసంగానే తిరుగుతుంది. కనుక మోటారుతో పాటు వైరు కూడా మార్చాలి. తగరం పూత ఉన్న, సన్నని పోగులు అల్లిన రాగి తీగే వాడాలి. చిన్న బోటులో పదహారు గేజి (తీగ మందం కొలత) సాధారణంగా సరిపోతుంది. ఫ్యూజు మోటారు తయారీదారు చెప్పినదే వేయాలి. మంచు పట్టో, చెత్త అడ్డుపడో బ్లేడు ఇరుక్కుపోతే మోటారు మామూలుకంటే చాలా ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది.

షాఫ్ట్ పోయే రంధ్రాన్ని ఎవరూ పట్టించుకోరు, పాత బోటు కుళ్లడం మాత్రం అక్కడే మొదలవుతుంది. ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ప్లైవుడ్డో బాల్సా చెక్కో ఉంటే, పాత సీలంటు పగిలిన చోటునుంచి ఏళ్ల తరబడి నీరు లోపలికి ఇంకి ఉంటుంది. మోటారు తీసినప్పుడు ఒక పుల్లతో రంధ్రం అంచును పొడిచి చూడండి. చెక్క మెత్తగా తగిలితే దాన్ని తొలిచి, ఆరబెట్టి, ఎపాక్సీతో (రాయిలా గట్టిపడే జిగురుతో) నింపి, గట్టిపడ్డాక మళ్లీ రంధ్రం వేయాలి. ఒక పూట పని అదనమవుతుంది. వదిలేస్తే క్యాబిన్ ముందు భాగమే విప్పవలసి రావచ్చు. స్టెయిన్‌లెస్ చేయిని వేరే లోహపు షాఫ్ట్‌మీద బిగించేటప్పుడు, తుప్పును ఆపే పేస్టు కొద్దిగా రాయకపోతే, రెండేళ్ల తరువాత ఆ చేయి ఊడిరాదు.

అన్నిటికంటే నేను పట్టుబట్టేది మంచినీటి జల్లు గురించి. ఎండిన ఉప్పుమీద పొడి బ్లేడు తిప్పితే అద్దం శుభ్రం కాదు, గీతలు పడుతుంది. చిన్న నీటి డబ్బా, దానికో బుల్లి పంపు, చేయి పక్కనే ఒక నాజిల్, స్టీరింగు దగ్గర ఒక మీట ఉంటే చాలు. ముందు నీళ్లు, తరువాత వైపర్. దీనికయ్యే ఖర్చు ఒక ట్యాంకు పెట్రోలుకయ్యేదానికంటే తక్కువ. అద్దానికి నీటిని జారగొట్టే ద్రవం రాస్తే వైపరే అక్కర్లేదని వాదించేవారు, నెమ్మదిగా వెళ్లే బోటుమీద ఉప్పుపొర ఆ ద్రవంతో పోదన్న సంగతి మరిచిపోతున్నారు. ముందు అద్దం నిజమైన గాజేనా కాదా అన్నది కూడా చూసుకోవాలి. యాక్రిలిక్ (పారదర్శక ప్లాస్టిక్) పలకమీద వైపర్ తిప్పితే కొద్దికాలంలోనే అది మసకబారిపోతుంది. అలాంటి బోటులో ముందు మార్చవలసింది ఆ పలకనే, దాని స్థానంలో టెంపర్డ్ గాజు వేయించాలి. లోపలివైపు పట్టే ఆవిరి వేరే సమస్య, దానికి వేడిగాలి కావాలి.

పక్క సీటు వైపు కూడా వైపర్ కావాలా అని అడుగుతారు. కావాలి. దుంగల కోసం చూసే రెండో మనిషి కూర్చునేది అక్కడే.

పాత బోటు చూడడానికి వెళ్లినప్పుడు ఇంజను శబ్దం విని తృప్తిపడి వచ్చేయకండి. అమ్మేవారినే అడిగి గొట్టంతో అద్దంమీద నీళ్లు కొట్టించి, వైపర్ స్విచ్ వేయమనండి. మీరు స్టీరింగు దగ్గర మామూలుగా నిలబడే చోట నిలబడి, తుడిచిన భాగం మీ కళ్ల ఎత్తుకు వస్తోందో లేదో చూడండి. స్విచ్ ఆపి, బ్లేడు ఎక్కడ ఆగిందో గమనించండి. మోటారు చుట్టూ పైకప్పు లోపలివైపు గోధుమరంగు మరక ఉందేమో వేలితో తడిమి చూడండి. వీటిలో ఏది బాగాలేకపోయినా ఆ మరమ్మతు ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగండి, కొన్నాక మొదటి వారాంతంలోనే ఆ పని చేయించండి.